తుఫాను పెట్టె



ఏరువాక సాగుటకు పూర్వమే మన పెద్దలు కొన్ని పనులు ముగించుకొనెడివారు. ఇంటి కప్పున గడ్డి మార్చుట, వంటచెరకు అటక కెక్కించుట, ఉప్పు, చింతపండు, మిరపకాయలు కుండలలో సర్దుట, పురి గట్టి ధాన్యము నిలువచేయుట మున్నగునవి వారికి ఏటేటి పనులు. దానిని వారు శాస్త్రమని పిలువలేదు, సంసార మనిరి. ఆపదకై వేరుగా నొక పెట్టె నుంచుకొనవలసిన యవసరము వారికి లేకపోయెను. ఏలయన, వారి ఇల్లంతయు నట్టి పెట్టెగానే యుండెను.

నేటి మన యిండ్లు అట్టివి కావు. నీరు మోటారు వలన వచ్చుచున్నది. మోటారు కరెంటు తీగపై నాధారపడి యున్నది. బియ్యము నెలకొకమారు వచ్చును. కూర దినదినమును అంగడినుండి వచ్చును. రూకలు ఫోనులో నున్నవి. ఈ సౌకర్యములను మేము నిందించుట లేదు; వీటివలన ముఖ్యముగా స్త్రీల శ్రమ ఎంతయో తగ్గినది. కాని తీగ తెగిన నాడు ఇవి యన్నియు ఒక్కుమ్మడిగా నాగిపోవునను సంగతి మరువరాదు. ఆ దినములకై ప్రతి రైతు కుటుంబము సిద్ధపరచుకొనవలసిన పెట్టెను గూర్చి ఈ నెల మనవి చేయదలచితిమి.

టిట్లీ నేర్పిన పాఠము

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున టిట్లీ యను తుఫాను మన జిల్లాలో పలాస సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచెను. నడుమ నడుమ 165 కిలోమీటర్ల వరకును విసరెను. టిట్లీ యనగా సీతాకోకచిలుక యని యర్థము. పేరెంత సుకుమారమో పని యంత క్రూరము. ఉద్దానమున తరతరములుగా పెంచుకొనిన కొబ్బరితోటలును జీడిమామిడితోటలును ఒక్క రాత్రిలో నేలగూలెను.

ఆ రాత్రి మేము టెక్కలి సమీపమున నొక గ్రామములో మేనమామగారి యింట నుంటిమి. తుఫాను వచ్చుచున్నదని మాకు రెండు దినముల ముందే తెలియును. గ్రామగ్రామము తిరిగి రైతులకు పొలము సంగతులు చెప్పుట వృత్తిగా గల మేము, ఆ యింటిలో సిద్ధపరచిన దేమనగా, ఫోనునకు పూర్తిగా కరెంటు పట్టించుట మాత్రమే! సిగ్గువిడిచి చెప్పుకొనుచున్నాము.

అర్ధరాత్రి దీపములారిపోయెను. తెల్లవారకమునుపే వంటయింటి రేకులు రెండు లేచిపోయి వాన లోనికి కొట్టెను. అగ్గిపెట్టెలు తడిసెను. బియ్యపు బస్తా అడుగున నీరు చేరెను. తెల్లవారిన పిమ్మట కుళాయి విప్పగా నీరు రాలేదు, ట్యాంకు ఖాళీ. వీధిలో స్తంభములు విరిగిపడి యుండెను. ఫోను పలుకలేదు. మామగారి మనుమనికి ముందటి దినమే విరేచనములు ప్రారంభమై యుండెను. పిల్లవాని కన్నులు గుంటలు పడుచున్నవి; పొడి పుల్లయొకటి లేదు, శుభ్రమైన నీరు లేదు, కాచుటకు నిప్పు లేదు. ఇంటినిండ చదువుకొనిన వారమే యుంటిమి గాని, ఒక గ్లాసెడు కాగిన నీరు ఆ బిడ్డకు పోయలేకపోతిమి.

పొరుగున నొక ముసలమ్మ యుండెను. చదువెరుగదు, గుడిసె సగము కూలినది. మా యింట రోదనము విని, తన పాత రేకుపెట్టె చంకబెట్టుకొని వచ్చి మా యరుగుమీద దించెను. అందు మైనము రాచిన గుడ్డలో చుట్టిన రెండు అగ్గిపెట్టెలు, చోడిపిండి మూట, అటుకులు, బెల్లపు దిమ్మ, ఉప్పు పొట్లము, గోగునార తాడు, ఒక కత్తి, అడుగున భూమి కాగితములు నున్నవి. ఆమె యింటి మూలనున్న రెండు మూతబిందెలలో మంచినీరు ముందటి సాయంకాలమే తోడి యుంచెనట. అటకమీద కొన్ని ఎండు పుల్లలు నుండెను. ఆ నీరు కాచి, చల్లార్చి, బెల్లమును ఉప్పును కలిపి పిల్లవానికి చెంచాతో పట్టించితిమి. మధ్యాహ్నమునకు వాడు కన్నులు తెరచి తల్లిని పిలిచెను. ఆ మూడు దినములును ఆ పెట్టెలోని చోడి యంబలియే మా రెండిండ్ల పిల్లలకు నాధారము.

"ఇవన్నీ ఎప్పుడు సర్దుకున్నావమ్మా?" యని మేమడుగగా ఆమె యిట్లనెను: "గాలి ఒక్క రేతిరే బాబూ. ఆకలి పది దినాలుంటాది. గాలికి ఎవులేటి సెయ్యలేరు. ఆకలికి సెయ్యొచ్చును కదా!"

మేమీ వ్యాసమున చెప్పదలచిన దంతయు ఆమె మాటలోనే యున్నది. తుఫాను పెట్టె గాలికి గాదు. గాలి వెలిసిన తరువాతి దినములకు.

మనము సముద్రమునకు దూరమా?

మూడవ నాడు రహదారిపై చెట్లు తొలగించిన మీదట మేము ఆమదాలవలసకు మరలి వచ్చితిమి. ఇచ్చట కొందరు మిత్రులు "తుఫాను పలాసవారిది, మనకు సముద్ర మెక్కడ?" యని పలుకుట వింటిమి. ఈ మాట నమ్మదగినది కాదు. తీరమున నున్నవారికి ఆపద యొక్క దిక్కునుండి వచ్చును. నదీతీరమున నున్న మనకు రెండు దిక్కులనుండి వచ్చును.

నాగావళి ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టి, రాయగడ మీదుగా దిగి, తోటపల్లి, నారాయణపురము ఆనకట్టలు దాటి, మన ప్రక్కగా ప్రవహించి శ్రీకాకుళము మీదుగా కళ్లేపల్లి యొద్ద సముద్రమున గలియుచున్నది. వంశధారయు నా కొండలవైపు నుండియే దిగి కళింగపట్నము కడ సముద్రమును చేరును. తుఫాను తీరము దాటిన పిదప మేఘములు ఆ కొండలకు తగిలి కురియును. ఆ నీరు మనయొద్దకు చేరుటకు కొంత కాలము పట్టును. కావున, గాలి నిలిచి ఎండ కాయుచుండగా, "ఆపద గడచినది" అని మనము బట్టలారవేసికొనుచున్న సమయముననే ఏరు పొంగవచ్చును. టిట్లీనాడు సంభవించిన దిదియే. గాలి వెలిసిన మరునాడు వంశధార పొంగి, గాలికి మిగిలిన వరిచేలను ముంచెను. వాన వెలిసినదని పెట్టె విప్పివేయరాదు. ఎగువ వరద సంగతి తెలిసికొనిన పిమ్మటనే విప్పవలెను.

పెట్టె ఎట్టిది?

క్రొత్తది కొననక్కరలేదు. బిగువైన మూత గల రేకుపెట్టె గాని, పెద్ద ప్లాస్టిక్ డబ్బా గాని చాలును. ఒక మనుష్యుడు మోయగలిగినంత బరువే యుండవలెను. మోయలేని పెట్టె ఇంటితో గూడ మునిగిపోవును. దానిని నేలపై నుంచక, చేతికందు ఎత్తున అటకపై గాని బల్లపై గాని ఉంచవలెను. ఇంటిలో ప్రతివారికిని, పదేండ్ల పిల్లకు సైతము, అది యెచ్చట నున్నదో తెలిసి యుండవలెను. పురుగుమందులును ఎరువులును ఆ దరిదాపుల నుండరాదు. పురుగుమందు డబ్బా ఎన్నిమారులు కడిగినను మంచినీటికి పనికిరాదు.

నీరు

మొట్టమొదట చూడవలసినది నీరు. త్రాగుటకును వండుటకును మనిషికి దినమునకు 4 లీటర్ల చొప్పున లెక్క వేసికొనుడు. ఐదుగురు గల సంసారమునకు మూడు దినములకు 60 లీటర్లు కావలెను. అనగా ఇరువది లీటర్ల క్యానులు మూడు. హెచ్చరిక వినినంతనే మోటారు నడుచుచుండగానే ఇంటనున్న బిందెలు, గంగాళములు, మూతగల పాత్రలన్నియు నింపివేయవలెను.

వరద ముంచిన బావినీరు, బోరునీరు చూపునకు తేటగా నున్నను నమ్మరాదు. నాలుగు మడతల శుభ్రమైన గుడ్డలో వడియగట్టి, తెర్లుట ప్రారంభమైన పిమ్మట నింకొక నిమిషము కాగనిచ్చి చల్లార్చవలెను. వంటచెరకు లేనిచో క్లోరిన్ బిళ్ళలు వాడవచ్చును. వాటి పొట్లముపై వ్రాసిన కొలత ప్రకారము నీటిలో వేసి అరగంట యాగవలెను. ఈ బిళ్ళలు ఆరోగ్య కార్యకర్తల నడిగి వానాకాలమునకు ముందే తెచ్చుకొనుడు.

ఆహారము

పొయ్యి వెలిగింపకయే తినదగినవి ముందు చేర్చవలెను. ఐదుగురికి మూడు దినములకు మేము సూచించు కొలత యిది: అటుకులు 3 కిలోలు, వేయించిన శనగలు 1 కిలో, బెల్లము 1 కిలో, చోడిపిండి 2 కిలోలు, ఉప్పు అర కిలో. వేయించిన వేరుశనగలు కొన్ని చేర్చిన మంచిది. పాలు త్రాగు బిడ్డకు తల్లిపాలే పెట్టె. ఆ తల్లికి మొదట అన్నము పెట్టవలెను. ఇవి గాక వారమునకు సరిపడు బియ్యము, పప్పు, చింతపండు ఇంటిలో ఎత్తున నుంచవలెను. రెండు మూడు పూటలకు చాలునన్ని ఎండుపుల్లలు అటకపై నుండవలెను. గ్యాసుపొయ్యి గలవారు గాలి ముదిరినప్పుడు సిలిండరు మూత బిగించుట మరువరాదు.

వెలుతురు, వార్త

ఒక టార్చిలైటు, దానికి వేరుగా నుంచిన బ్యాటరీలు కావలెను. బ్యాటరీలు లైటులోనే యుంచినచో కారి చెడగొట్టును. సూర్యరశ్మితో పనిచేయు దీపము గలవారు దానిని వారమున కొకమారు ఎండబెట్టవలెను. అగ్గిపెట్టెలు గట్టి మూతగల చిన్న స్టీలు డబ్బాలో నుంచుడు. ఫోనునకు కరెంటునిచ్చు పవర్‌బ్యాంకు ఉన్న మేలే గాని, టవరునకే కరెంటు లేనప్పుడు ఫోను పలుకదు. బ్యాటరీతో నడుచు చిన్న రేడియో అట్టి సమయమున ఆకాశవాణి వార్తలు వినిపించును. కొందరు దానిని పాతకాలపు వస్తువని నవ్వుదురు. టవరు పడిన నాడు నవ్వరు.

ముఖ్యమైన ఫోను నంబరులను కాగితముపై వ్రాసి పెట్టె మూతలోపల అంటింపుడు. అంబులెన్సునకు 108, అత్యవసర సహాయమునకు 112, జిల్లా విపత్తుల కంట్రోలు రూమునకు 1077, రాష్ట్ర కంట్రోలు రూమునకు 1070.

మందులు

ఓ.ఆర్‌.ఎస్‌. పొట్లములు ఆరైనను ఉంచుడు. అవి లేనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదారయు, అర చెంచా ఉప్పును కలుపవలెను. టీ చెంచాతో కొలిచి, పైభాగము సమము చేయవలెను. ఉప్పు హెచ్చినచో బిడ్డకు హాని. జ్వరమునకు ప్యారాసిటమాల్, గాయములకు శుభ్రమైన గుడ్డపట్టీలు, దూది, సబ్బు నుండవలెను. రక్తపోటు, మధుమేహము గలవారు వాడు మందులు పది దినములకు చాలునన్ని నిలువ యుండవలెను.

మన జిల్లాలో మూత్రపిండ వ్యాధి ఎంతటి బాధయో యుద్దానము వారిని అడుగనక్కరలేదు. కావున నొప్పుల బిళ్ళలు అంగడివాని మాటపై కొని పెట్టెలో నుంచరాదు. వాటిలో పెక్కు మూత్రపిండములకు చెరుపు చేయును. డయాలిసిస్ చేయించుకొను వారున్న యింటివారు మొదటి హెచ్చరికకే తమ ఆసుపత్రివారితో మాటలాడి, దారి తెగకముందే రోగిని చేర్చుకొనవలెను. నెలలు నిండిన గర్భవతులను గూర్చియు నిట్లే చేయవలెను.

వరదలో పాములు మెరక జూచుకొని యిండ్లలోనికి, గడ్డిమేటులలోనికి చేరును. పాముకాటు పడినచో గట్టిగా కట్టు గట్టుట, కోయుట, నోటితో పీల్చుట కూడదు. కరచిన యవయవమును కదలనీయక వెంటనే ప్రభుత్వాసుపత్రికి కొనిపోవలెను, మందచ్చటనే యున్నది. మంత్రమునకై గడపిన గంట తిరిగి రాదు. చెప్పులు లేక వరదనీట తిరుగరాదు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన పగిలిన కాళ్ళద్వారా ప్రాణాంతకమగు జ్వరము రాగలదు.

కాగితములు, రూకలు

పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, సంఘపు అప్పు రశీదులు, పంటల బీమా కాగితములు, పిల్లల చదువు పత్రములు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, దానిని మరియొక సంచిలో నుంచి బిగించి కట్టవలెను. ప్రతి కాగితమునకు నకలొకటి దూరపు బంధువుల యింట నుంచుట మేలు. ఫోనుతో ఫోటోలు తీసికొనుటయు మంచిదే.

పదిరూపాయలు, ఇరువది, ఏబది రూపాయల నోట్లుగా కొంత సొమ్ము పెట్టెలో నుంచుడు. కరెంటు లేనినాడు ఏటీఎం పనిచేయదు, ఫోనులోని సొమ్ము అంగడివానికి చేరదు. పెద్దనోటుకు చిల్లర ఇచ్చువాడును ఉండడు.

పనిముట్లు

గోగునార తాడు గాని నైలాను తాడు గాని ఇరువది మీటర్లు, ఒక కత్తి, గొడ్డలి, కొన్ని మేకులు, సుత్తి, పెద్ద టార్పాలిను ఒకటి ఉండవలెను. ఈలయొకటి యుంచుడు, గొంతు పోవువరకు అరచుటకంటె ఈల దూరము వినబడును. తెగిపడిన తీగ నెవరును ముట్టరాదు. అందు కరెంటు లేదని అనుకొని ప్రాణములు పోగొట్టుకొనిన వారెందరో. నీరు లోనికి వచ్చుచున్నచో మెయిను స్విచ్చి తీసివేయవలెను. అద్దెకు తెచ్చిన జనరేటరును గదిలో నడుపరాదు. దాని పొగ వాసన తెలియకయే మనుష్యుని చంపగలదు.

పశువులు

పశువు మూగది, దాని పెట్టె మనమే కట్టవలెను. రెండు మూడు దినముల గడ్డిని టార్పాలిను కప్పి మెరకపై నుంచుడు. దాణా తడిసి బూజు పట్టినచో పెట్టరాదు. గొంతువాపు, గాలికుంటు టీకాలు తొలకరికి ముందే వేయించుడు. చెవిబిళ్ళ ఉండునట్లు చూచుకొనుడు. పరిహారము కోరినపుడు అదియే పశువునకు సాక్ష్యము. అన్నిటికంటె ముఖ్యము: వరద వచ్చునపుడు పలుపులు విప్పివేయవలెను. కట్టిన పశువు కట్టుగొయ్యకే మునుగును. విడిచిన పశువు మెరక వెదకికొనును. పలుపు విప్పుటకు తడవు లేనిచో కోయుటకే పెట్టెలోని కత్తి.

విత్తనము, పంట

రాబోవు పంటకు దాచిన విత్తనమును, పెసర, మినుములతో సహా, గాలి చొరని డబ్బాలలో ఎత్తున నుంచుడు. అక్టోబరులో మన వరి పూతలోను పాలుపోసుకొను దశలోను ఉండును. కోసి పనలమీద నున్నచో తడిసి మొలకెత్తును. అట్టి పనలపై లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కరగించి చల్లినచో మొలకెత్తుట తగ్గును. ఎకరమునకు 200 లీటర్ల ద్రావణము పట్టును గనుక 10 కిలోల ఉప్పు కావలెను. తుఫాను మరునాడు అంగడిలో ఉప్పు దొరకదు. వంటయింటి ఉప్పును, పొలపు ఉప్పును వేరువేరుగా ముందే యుంచుడు. చేలో నిలిచిన నీరు తీయుటకు కాలువలు ముందుగనే శుభ్రపరచుడు.

ప్రభుత్వపు ఈ-పంట జాబితాలో మీ పేరును, సర్వే నంబరును, పంటను సకాలములో నమోదు చేయించుకొనుడు. బీమా చేసినవారు ముంపు మొదలగు స్థానిక నష్టమును 72 గంటలలోపల తెలుపవలెను. కోసిన పనలకు పదునాలుగు దినముల వరకు బీమా వర్తించు నియమము కలదు. దానికిని 72 గంటల గడువే. తుఫానునకు ముందొకమారు, తరువాత నొకమారు చేను ఫోటో తీసియుంచుడు. గడువు దాటిన ఆవేదనకు ఫలము లేదు.

హెచ్చరికలు ఎట్లు చదువవలెను?

భారత వాతావరణ శాఖవారు తుఫాను హెచ్చరికలను నాలుగు మెట్లుగా నిత్తురు. తీరమున దుష్ప్రభావము ప్రారంభమగుటకు సుమారు 72 గంటల ముందు మొదటిది, 48 గంటల ముందు రెండవది, 24 గంటల ముందు మూడవది, తీరము దాటుటకు 12 గంటల ముందు నాలుగవది. మొదటి మెట్టునకు పెట్టె విప్పి చూడుడు. రెండవదానికి నీరు నింపి, విత్తనము పైకెత్తుడు. మూడవదానికి పశువులను మెరకకు తోలి, వృద్ధులను, గర్భవతులను, పిల్లలను గట్టి మేడకు చేర్చుడు. నాలుగవదానికి ఎవరును బయట నుండరాదు.

ఓడరేవులలో ఎత్తు ప్రమాద సూచికల సంఖ్యలు ఓడలకును, జాలరులకును ఉద్దేశింపబడినవి. రైతు చూడవలసినది తన జిల్లాకు ప్రకటించిన రంగు: పసుపు కనిపెట్టి యుండుటకు, నారింజ సిద్ధపడుటకు, ఎరుపు కదలుటకు.

ఇంకొక సంగతి. తుఫాను నడిమి భాగమునకు కన్నని పేరు. అది తలపై నున్నపుడు గాలి హఠాత్తుగా నిలిచి ఆకాశము తేటపడును. ఇది తుఫాను ముగియుట కాదు. కొంతసేపటికి గాలి మునుపటికి ఎదురుదిక్కునుండి మరల విసరును. ఆ నడుమ రేకులు సర్దుటకు పైకెక్కినవారు పడిపోవుట కలదు. గాలి నిలిచినదని తలుపు తీయక, రేడియోలోగాని అధికారుల నోటగాని తుఫాను గడచినదని విన్న పిమ్మటనే బయటికి రండు.

ఎప్పుడు సిద్ధపరచవలెను?

ఫైలిన్ గోపాలపురము కడ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నమున 2014 అక్టోబరు 12న, టిట్లీ 2018 అక్టోబరు 11న తీరము దాటెను. మూడును ఆశ్వయుజ మాసముననే వచ్చినవి. గులాబ్ 2021 సెప్టెంబరు 26న, భాద్రపద బహుళమున, కళింగపట్నమునకు ఉత్తరముగా దాటెను. దివిసీమను ముంచిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కార్తికమున వచ్చినది. వేలకొలది జనము అందు మరణించిరి. కావున భాద్రపదము మొదలు కార్తికము వరకు మనము మెలకువగా నుండవలెను.

తేదీలు మరచిపోవువారు పండుగలు మరువరు గదా! ఏరువాక పున్నమినాడు పెట్టె నింపుడు. వినాయక చవితినాడు విప్పి చూడుడు. అటుకులు, శనగలు, పిండి పిల్లలకు పెట్టి క్రొత్తవి నింపుడు. మందుల గడువు చూడుడు, బ్యాటరీలు పరీక్షింపుడు. ఇట్లు చేసినచో పెట్టెలోని సరకు వ్యర్థమగుట లేదు. ఇంటి వాడకములోనే తిరుగుచుండును.

సంఘము చేయదగినది

ఒక్క ఇంట పెట్టె యున్నచో చాలదు. నాటి ముసలమ్మ పెట్టె రెండిండ్లకు పంచబడినది గనుక మూడవ నాటికి అడుగంటెను. ఊరిలో ఇంటింట నొకటి యున్నచో ఆమె పెట్టెపై అంత బరువు పడియుండదు. సహకారమనగా లేనివాని బరువు ఉన్నవాడు మోయుట మాత్రమే గాదు. ప్రతివాడును తన వంతు సిద్ధముగా నుంచుకొని ఇతరునకు బరువు కాకుండుటయు సహకారమే.

సంఘములు చేయదగిన పనులు కొన్ని మనవి చేయుచున్నాము. సభ్యులందరి కొరకు టార్పాలినులు, క్యానులు, టార్చిలైట్లు ఒక్కమారుగా కొనినచో వెల తగ్గును; లేనివారికి వాయిదాల మీద నీయవచ్చును. ఊరి మంచినీటి బోరునకు అద్దె జనరేటరు ఎచ్చట దొరకునో జ్యేష్ఠములోనే మాటలాడి యుంచవలెను. టిట్లీ తరువాత అద్దె జనరేటరులతో ట్యాంకులు నింపుకొనిన గ్రామములు దాహమునకు తాళినవి. చెట్లు కోయు రంపము ఒకటి సంఘపు సొత్తుగా నుండవలెను. ఒంటరి వృద్ధులు, వికలాంగులు, గర్భవతులు, డయాలిసిస్ రోగులు గల యిండ్ల పట్టిక వ్రాసి, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క యువకుని బాధ్యునిగా నిర్ణయింపవలెను. గోదాములో మెరకనున్న భాగమును సభ్యుల విత్తనమునకు ఆ దినములలో విడిచి యీయవలెను. ఈ యేర్పాట్లకు ఒక సర్వసభ్య సమావేశములో అరగంట కాలము చాలును.

ముగింపు

పై సంవత్సరము మేము మరల ఆ గ్రామమునకు పోయితిమి. మామగారి మనుమడిప్పుడు పెద్దవాడై బడికి పోవుచున్నాడు. ముసలమ్మ కాలము చేసినది. ఆమె రేకుపెట్టెను మామగారి కోడలు అడిగి తెచ్చుకొని తమ అటకపై నుంచినది. మేము విప్పి చూచితిమి. మైనపు గుడ్డలో అగ్గిపెట్టెలు, చోడిపిండి, బెల్లము, తాడు, కత్తి యథాప్రకారము ఉన్నవి. క్రొత్తగా చేరినవి ఓ.ఆర్‌.ఎస్‌. పొట్లములును, మూతలోపల అంటించిన నంబరుల కాగితమును. ఆ కాగితము పిల్లవాని వ్రాత.

సోదరులారా! మీ యింటను అట్టి పెట్టె యొకటి ఈ ఏరువాకకే సిద్ధము కాగలదు. అందులోని వస్తువులలో సగము మీ వంటయింటిలోనే యున్నవి. ఒక్క ఆదివారము మధ్యాహ్నము వాటిని కూర్చుటకు చాలును. తుఫాను రాకపోయినచో అటుకులు పిల్లలు తిందురు. వచ్చినచో, తీగలు తెగిన ఆ రాత్రి చీకటిలో చేయి చాచినపుడు మీకు పొడి అగ్గిపుల్ల దొరకును. నాడు మాకు దొరకలేదు.